జ్వరం తగ్గినా వదలని థైరాయిడ్ మాత్ర: రోగనిరోధక కణాల గురించి ఒక కేసు నేర్పిన విషయం

ఈ కేసు రాయడానికి రోగి, ఆమె కుటుంబం అనుమతి ఇచ్చారు. ఎవరో గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. వైద్యపరమైన క్రమాన్ని మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంచాను, ఎందుకంటే నేర్చుకోవాల్సింది అందులోనే ఉంది. అందులో నా పొరపాటు కూడా ఉంది.

నేపథ్యం

ఆమెకు యాభై దాటి కొన్నేళ్లయింది. చాలాకాలంగా షుగర్ ఉంది, మాత్రలతో అదుపులోనే ఉంది. థైరాయిడ్ ఇబ్బంది ఎప్పుడూ లేదు. ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ ముదిరి, రక్తపోటు పడిపోయి ఐసీయూలో చేరింది. బీపీ నిలబెట్టడానికి నోర్ అడ్రినలిన్, మొదటి రోజు కొన్ని గంటలు డోపమిన్, రెండో రోజు నుంచి హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు. నాలుగు రోజులు వెంటిలేటర్ మీద ఉంది.

ఆరో రోజున ట్యూబ్ తీశాక కూడా మగతగానే ఉంది. నాడి 56. చేతులు చల్లగా ఉన్నాయి. డ్యూటీలో ఉన్న డాక్టరుకు థైరాయిడ్ మీద అనుమానం వచ్చి పరీక్షలు పంపారు. టీఎస్‌హెచ్ 0.21, ఫ్రీ టీ4 0.7, టీ3 38. మూడూ తక్కువే. టీ4, టీ3 థైరాయిడ్ హార్మోన్లు. టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్ గ్రంథిని పని చేయించడానికి మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్.

థైరాయిడ్ గ్రంథే చెడిపోతే టీఎస్‌హెచ్ పెరగాలి. ఇక్కడ అది కూడా తగ్గింది కాబట్టి లోపం పిట్యూటరీలో ఉందేమో అనుకుని, ఆ రాత్రే కడుపులోకి వేసిన గొట్టం ద్వారా 50 మైక్రోగ్రాముల లెవోథైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ మాత్ర) మొదలుపెట్టారు. మర్నాడు ఎండోక్రైనాలజిస్టుగా, అంటే హార్మోన్ల డాక్టరుగా, నన్ను పిలిచారు.

నా ముందున్న మొదటి ప్రశ్న

పిట్యూటరీ దెబ్బతిన్నదా, లేక ఒంట్లో ఉన్న జబ్బు వల్ల థైరాయిడ్ అంకెలు తాత్కాలికంగా పడిపోయాయా? రెండింటిలోనూ కాగితం మీద అంకెలు ఒకేలా కనిపిస్తాయి. చికిత్సలు మాత్రం పూర్తిగా వేరు. మొదటిది నిజమై మనం వదిలేస్తే ప్రమాదం. పైగా కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథులు తయారు చేసే స్టెరాయిడ్ హార్మోన్) లోపం కూడా ఉన్న మనిషికి దాన్ని సరిచేయకుండా థైరాయిడ్ మాత్ర ఇస్తే అడ్రినల్ సంక్షోభం, అంటే ఆ హార్మోన్ చాలక ప్రాణం మీదికి వచ్చే స్థితి, రావచ్చు. రెండోది నిజమై మాత్ర ఇస్తే, అక్కర్లేని మందుకు ఒక జబ్బు పేరు తగిలించినట్టవుతుంది.

నేను చూసినవి ఇవి. ఇంతకుముందు తలనొప్పులు గానీ, చూపులో తేడా గానీ లేవు. సోడియం 136. ఆమెకు నెలసరి ఆగి చాలా ఏళ్లయింది కాబట్టి ఎఫ్‌ఎస్‌హెచ్ (పిట్యూటరీ నుంచే వచ్చే, అండాశయాలను నడిపించే హార్మోన్) బాగా ఎక్కువ ఉండాలి, 31 వచ్చింది. ఆ వయసుకు అనుకున్నంత లేకపోయినా, పిట్యూటరీ పనిచేస్తోందనడానికి చాలు. తీవ్రమైన జబ్బులో ఎఫ్‌ఎస్‌హెచ్ కూడా పడిపోతుంది, కాబట్టి అది తక్కువ వచ్చి ఉంటే నాకు ఏమీ తేలేది కాదు. ఎక్కువ రావడం వల్లనే ఉపయోగపడింది. హైడ్రోకార్టిసోన్ నడుస్తోంది గనక కార్టిసాల్ పరీక్షకు అర్థం లేదు. డోపమిన్, స్టెరాయిడ్ రెండూ టీఎస్‌హెచ్‌ను తగ్గించే మందులే. రెండూ ఆమెకు ఇచ్చారు.

అన్నిటికంటే ఎక్కువగా తేల్చింది ఒక పాత కాగితం. ఇంట్లో ఏవైనా పాత రిపోర్టులు ఉన్నాయా అని వాళ్లబ్బాయిని అడిగాను. సాయంత్రానికి ఫోన్‌లో ఒక ఫొటో చూపించాడు. రెండేళ్ల కిందటి సాధారణ పరీక్షల్లో టీఎస్‌హెచ్ 2.4. ఈ జబ్బుకు ముందు థైరాయిడ్ వ్యవస్థ బాగానే ఉందనడానికి అది ఆధారం.

నిర్ధారణ: థైరాయిడేతర జబ్బు వల్ల వచ్చిన మార్పు. వైద్యంలో దీన్ని సిక్ యూథైరాయిడ్ అనడం అలవాటు. మాత్ర ఆపాలని నిర్ణయించాను. ఇలాంటి రోగులకు లెవోథైరాక్సిన్ ఇస్తే మేలు కనిపించలేదని బ్రెంట్, హెర్ష్‌మన్ అనే పరిశోధకులు 1986లోనే చూపించారు. చిన్న అధ్యయనమే అయినా ఆ మాట ఇప్పటికీ నిలిచే ఉంది.

అప్పుడే నేను రివర్స్ టీ3 (టీ4 నుంచి తయారయ్యే పనికిరాని రూపం) పరీక్ష కూడా పంపాను. అది రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఎక్కువే వచ్చింది, అనుకున్నట్టే. అప్పటికి ఆమె వార్డులో లేచి నడుస్తోంది. ఆ పరీక్ష ఏ నిర్ణయాన్నీ మార్చలేదు. ఫలితం ఏదొచ్చినా చేయబోయేది ఒకటే అయినప్పుడు ఆ పరీక్ష పంపకూడదని నాకు తెలుసు, అయినా పంపాను.

ఎక్కడ జారిపోయింది

కేస్ షీట్‌లో నేను రాసిన వాక్యం ఇది: “ప్రస్తుతానికి థైరాయిడ్ మందు అవసరం ఉన్నట్టు లేదు, కోలుకున్నాక మళ్లీ పరీక్ష చేయాలి.” ఎవరితోనూ నేరుగా మాట్లాడలేదు. ఆ వాక్యం చదివినవారు మందు ఆపమన్నానని అనుకోలేదు, వాళ్ల తప్పు కాదు. “ఆపండి” అన్న మాట అందులో లేదు. ఐసీయూ నుంచి వార్డుకు, వార్డు నుంచి డిశ్చార్జి కాగితానికి 50 మైక్రోగ్రాముల మాత్ర అలాగే నడిచి వెళ్లింది. పందొమ్మిదో రోజున ఇంటికి పంపినప్పుడు దానితో పాటు ఐరన్ మాత్రలు కూడా రాసిచ్చారు.

ఇంటికెళ్లిన పది రోజులకు ఇంకోచోట చూపించుకున్నారు. టీఎస్‌హెచ్ 9.8, ఫ్రీ టీ4 0.9. యాంటీ టీపీవో యాంటీబాడీ (థైరాయిడ్ గ్రంథికి వ్యతిరేకంగా ఒంట్లో తయారయ్యేది) కొంచెం పాజిటివ్. “థైరాయిడ్ ఉంది, జీవితాంతం మాత్ర వేసుకోవాలి” అని చెప్పి డోసు 100కి పెంచారు.

ఆ డాక్టరు ముందున్న కాగితం చూస్తే అలా అనిపించడంలో వింత లేదు. టీఎస్‌హెచ్ ఎక్కువ, యాంటీబాడీ పాజిటివ్, అప్పటికే మాత్ర వాడుతున్న మనిషి. కనిపించనివి మూడు. ఒకటి, తీవ్రమైన జబ్బు నుంచి కోలుకునే వారాల్లో పిట్యూటరీ మళ్లీ మేల్కొని టీఎస్‌హెచ్‌ను మామూలుకన్నా పైకి తీసుకెళ్తుంది. 20 లోపు వరకు అలా వెళ్లడం కోలుకోవడంలో భాగమే కావచ్చు. రెండు, ఐరన్ మాత్రను, థైరాయిడ్ మాత్రను కలిపి వేసుకుంటే రెండోది సరిగా ఒంటబట్టదు, ఆమె పొద్దున్నే రెండూ కలిపే వేసుకుంటోంది. మూడు, యాంటీబాడీ ఉన్నంత మాత్రాన గ్రంథి చెడిపోయిందని కాదు. ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లలో కూడా అది చాలామందికి ఉంటుంది.

ఆమె మళ్లీ వచ్చినప్పుడు

మూడు నెలల తర్వాత నా దగ్గరికి వచ్చింది. కొత్త జబ్బేదో వచ్చిందని ఇంటిల్లిపాదికీ టెన్షన్. గుండె దడ, చేతులు వణకడం, రాత్రి నిద్ర లేదు. కోలుకుంటున్న మనిషి బరువు పెరగాల్సింది పోయి ఇంకా తగ్గింది, అప్పుడు 50 కిలోలు. నాడి 104, లయ మాత్రం సక్రమంగానే ఉంది. టీఎస్‌హెచ్ 0.03, ఫ్రీ టీ4 2.1.

డోసు లెక్క వేశాను. గ్రంథి అసలే పనిచేయని మనిషికి కిలోకు సుమారు 1.6 మైక్రోగ్రాములు సరిపోతాయి. 50 కిలోలకు 80. ఈమె గ్రంథి పనిచేస్తూ ఉండగానే 100 వేసుకుంటోంది. పైగా నెల కిందట ఐరన్ కోర్సు అయిపోయింది, అంటే మాత్ర ఇప్పుడు పూర్తిగా ఒంటబడుతోంది. ఎక్కువైన మందే కారణమని నాకు దాదాపు తేలిపోయింది. అయినా గ్రేవ్స్ (గ్రంథే అతిగా పనిచేసే జబ్బు) కాదని చూసుకోవాలి కాబట్టి టీఎస్‌హెచ్ రిసెప్టర్ యాంటీబాడీ పంపాను, నెగెటివ్. మెడ నొక్కితే నొప్పి లేదు. గ్రంథి తయారు చేసే థైరోగ్లోబ్యులిన్ అనే ప్రొటీన్ తక్కువ. గ్రంథి తనంతట తాను హార్మోన్ పోస్తుంటే అది తక్కువ ఉండదు, హార్మోన్ బయటి నుంచి వస్తోందనడానికి అది సరిపోయింది.

కొడుకు అడిగిన ప్రశ్న

అన్నీ చూపించాక వాళ్లబ్బాయి అడిగాడు. “సార్, ఇన్‌ఫెక్షన్ వస్తే తెల్లరక్తకణాలే థైరాయిడ్ హార్మోన్ తయారు చేస్తాయని చదివాను. మా అమ్మకి అదే జరిగిందా? అలాగైతే ఈ మాత్రలతో పని లేదా?”

ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోలేదు. ఈ కేసు మొత్తానికి మూలం అదే. అతనికి చెప్పినదాన్ని ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను.

తెల్లరక్తకణాలు తయారు చేసేది థైరాయిడ్ హార్మోన్ కాదు, థైరాయిడ్‌ను ప్రేరేపించే టీఎస్‌హెచ్. అది పిట్యూటరీ నుంచి మాత్రమే వస్తుందని పుస్తకాల్లో చదువుకున్నాం. 1983లో ఎరిక్ స్మిత్, ఎడ్విన్ బ్లాలాక్ బృందం, మనిషి లింఫోసైట్లకు (ఒక రకం తెల్లరక్తకణాలు) స్టాఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా విషం తగిలిస్తే అవి టీఎస్‌హెచ్‌ను పోలిన పదార్థాన్ని తయారు చేశాయని చూపించింది. తర్వాత జాన్ క్లైన్ బృందం పేగు లోపలి పొరలో కూడా టీఎస్‌హెచ్ తయారవుతుందని, అక్కడి టీ కణాల (ఒక రకం రోగనిరోధక కణాలు) ఎదుగుదలకు అది అవసరమని ఎలుకల్లో చూపించింది. 2009లో అదే బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. టీఎస్‌హెచ్‌లో ఆల్ఫా, బీటా అని రెండు భాగాలుంటాయి. ఆల్ఫా భాగం ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే ఇతర పిట్యూటరీ హార్మోన్లలోనూ అదే, ప్రత్యేకత అంతా బీటాదే. ఎముక మజ్జ నుంచి వచ్చే కొన్ని కణాలు ఆ బీటా భాగాన్నే కాస్త కత్తిరించి, పొట్టిగా తయారు చేస్తాయి. మనుషుల తెల్లరక్తకణాల్లోనూ ఆ పొట్టి రూపం కనిపించింది. ఎలుకలకు వైరస్ ఎక్కించినప్పుడు ఆ రూపం థైరాయిడ్ గ్రంథిలో పెరిగింది. అంటే రోగనిరోధక కణాలు గ్రంథి లోపలికే వెళ్లి, పిట్యూటరీని అడగకుండా అక్కడ తమ మాట వినిపిస్తూ ఉండవచ్చు.

ఇది ఒక వైపు. రెండో వైపు ఆమె విషయంలో ఇంకా ముఖ్యం. ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే కణాలు వదిలే ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ లాంటి సైటోకైన్లు (కణాలు ఒకదానికొకటి పంపుకునే రసాయన సంకేతాలు) థైరాయిడ్ హార్మోన్ దారిని అడుగడుగునా మారుస్తాయి. మెదడులో టీఆర్‌హెచ్ (టీఎస్‌హెచ్ వదలమని పిట్యూటరీకి చెప్పే హార్మోన్) తగ్గుతుంది, అందుకే టీఎస్‌హెచ్ తగ్గుతుంది. కాలేయంలో టీ4ను చురుకైన టీ3గా మార్చే డీఅయోడినేజ్ అనే ఎంజైమ్ ఒకటి మందగిస్తుంది. హార్మోన్‌ను పనికిరాని రూపంలోకి మార్చే మూడో రకం డీఅయోడినేజ్ పెరుగుతుంది. ఆ మూడో రకాన్ని ఇన్‌ఫెక్షన్ చోటికి చేరిన న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు కూడా తయారు చేస్తాయి. అది లేని ఎలుకలు బ్యాక్టీరియాను సరిగా వదిలించుకోలేకపోయాయి. హార్మోన్ నుంచి ఊడిన అయోడిన్ సూక్ష్మక్రిములను చంపడానికి పనికొస్తుందని ఒక వివరణ ఉంది.

కాబట్టి ఐసీయూలో ఆమె టీ3 38కి పడిపోవడమంటే గ్రంథి ఓడిపోయిందని కాదు. ఒళ్లు పోరాటంలో ఉండి హార్మోన్‌ను వేరేలా వాడుకుంటోంది. అది కొంతవరకు రక్షణే అని నమ్మేవారిలో నేనూ ఒకణ్ని. అందుకే అప్పుడు మాత్రతో అంకెను సరిచేయాలని నేను అనుకోలేదు.

అతని రెండో ప్రశ్నకు జవాబు మాత్రం జాగ్రత్తగా చెప్పాను. మనం చేయించే టీఎస్‌హెచ్ పరీక్ష, ఆ హార్మోన్‌ను ఏ కణం తయారు చేసిందో చెప్పదు. రోగనిరోధక కణాల టీఎస్‌హెచ్‌ను కొలిచి మందు రాసే పద్ధతి లేదు. మీ అమ్మగారికి మాత్ర అక్కర్లేదనడానికి నా కారణం ఆ పరిశోధన కాదు, రెండేళ్ల కిందటి 2.4. పరిశోధన చెప్పేది ఒక్కటే: జబ్బుపడ్డ మనిషి టీఎస్‌హెచ్‌ను చదివేటప్పుడు పిట్యూటరీ, థైరాయిడ్ రెండింటినే చూస్తే సరిపోదు.

ఇక్కడ ఒక మాట. కొడుకు చదివినదాంట్లో సగమే సరైనది. కానీ ఆ సగం వల్లే అతను మందు గురించి ప్రశ్న అడగగలిగాడు. “ఇంటర్నెట్‌లో చదివి రాకండి” అని నేను ఎవరికీ చెప్పను.

నేను చేసిన మొదటి ప్రయత్నం, అది కుదరకపోవడం

మందు ఒక్కసారిగా ఆపాలా, తగ్గిస్తూ ఆపాలా? నేను తగ్గిస్తూ వెళ్లాను. ఒకవేళ యాంటీబాడీ వల్ల గ్రంథి నిజంగానే బలహీనపడి ఉంటే, ఆపగానే ఆమె నీరసపడిపోతుందని భయం. ఇంత పెద్ద జబ్బు నుంచి ఇప్పుడే లేచిన మనిషి. 50కి తగ్గించి, దడకు కొన్నాళ్లు ప్రొప్రనలాల్ ఇచ్చాను. రెండు వారాలకు రమ్మని పరీక్ష చేయించాను. టీఎస్‌హెచ్ 0.02. ఇంటివాళ్లు మళ్లీ కంగారుపడ్డారు.

ఆ కంగారు నేను తెచ్చిపెట్టిందే. టీ4 సగం తగ్గడానికి సుమారు 7 రోజులు పడుతుంది. అణిగిపోయిన పిట్యూటరీ మళ్లీ పలకడానికి వారాలు పడుతుంది. ఆరు వారాల ముందు టీఎస్‌హెచ్ చూడటంలో అర్థం లేదు. ఆ సమయంలో చూడాల్సింది ఫ్రీ టీ4, మనిషి పరిస్థితి. రెండూ మెరుగయ్యాయి, కానీ కాగితం మీద నక్షత్రం గుర్తు పెట్టిన 0.02 ముందు నా మాట నిలబడలేదు.

తర్వాత 25కి తగ్గించాను. ఈసారి ఆరు వారాలు ఆగాక టీఎస్‌హెచ్ 1.9. చూడ్డానికి చక్కని అంకె. కానీ నాకు ఏమీ తెలియలేదు. అందులో మాత్ర వాటా ఎంత, గ్రంథి వాటా ఎంత? ఇలాగే వదిలేస్తే “25తో బాగుంది” అన్న మాట మీద ఏళ్ల తరబడి మాత్ర సాగిపోతుంది. చాలామంది విషయంలో జరిగేది ఇదే.

పని చేసినది

పూర్తిగా ఆపాను. ఆపేముందు ఆమెను కూర్చోబెట్టి ముందుగానే చెప్పాను. “అమ్మా, ఆపాక మొదటి పరీక్షలో టీఎస్‌హెచ్ కొంచెం ఎక్కువ రావచ్చు. దాన్ని చూసి ఎవరైనా మళ్లీ మాత్ర వేసుకోమంటే ముందు నాకు ఫోన్ చేయండి. విపరీతంగా చలి వేయడం, ముఖం ఉబ్బడం, మాట మందగించడం, అడుగు తీసి అడుగు వేయలేనంత నీరసం, వీటిలో ఏది కనిపించినా తేదీ కోసం చూడకుండా రండి.” ఇదే ఒక కాగితం మీద రాసిచ్చాను. పరీక్ష తేదీలు కూడా అందులోనే రాశాను.

ఆరు వారాలకు టీఎస్‌హెచ్ 7.4, ఫ్రీ టీ4 1.0. కాస్త అలసటగా ఉందంది.

ఈ కేసులో కష్టమైన నిర్ణయం ఐసీయూలోది కాదు, ఈ రోజుది. 7.4 అంకె, పాజిటివ్ యాంటీబాడీ, “అలసటగా ఉంది” అన్న మాట. 25 రాసిచ్చేస్తే అందరూ నిశ్చింతగా వెళ్లిపోయేవారు. నేను రాయకపోవడానికి కారణాలు చెప్తాను. ఫ్రీ టీ4 మామూలుగా ఉంది, అంటే ఒంటికి హార్మోన్ కొరత లేదు. బయటి మందు ఆగాక, నెలలుగా ఊరికే ఉన్న గ్రంథిని లేపడానికి పిట్యూటరీ గట్టిగానే కేక వేస్తుంది, ఆ కేక కొంతకాలమే. అలసట గురించి గుచ్చి గుచ్చి అడిగితే, అది మెట్లెక్కేటప్పుడు వచ్చే కాళ్ల అలసట. వెంటిలేటర్ మీద ఉండి లేచినవారిలో కండరాల నీరసం నెలల తరబడి ఉంటుంది. దానికి కావాల్సింది వ్యాయామం, ప్రొటీన్, ఓపిక. ఫిజియోథెరపీకి పంపాను. పన్నెండు వారాల పరీక్షలో టీఎస్‌హెచ్ 10 దాటినా, ఫ్రీ టీ4 తగ్గినా మాత్ర మొదలుపెడతానని ఆమెకు మాట ఇచ్చాను. వెయిట్ చేయమని ఊరికే చెప్పడం వేరు, ఏ అంకె దగ్గర ఆగుతామో చెప్పి వెయిట్ చేయమనడం వేరు. ఆమె రెండోదానికి ఒప్పుకుంది.

పన్నెండు వారాలకు 4.6. ఆరు నెలలకు 3.2, మందు లేకుండా. దడ లేదు, వణుకు లేదు. బరువు 55 దాటింది.

మారిన అలవాట్లు

ఐసీయూ నుంచి థైరాయిడ్ రిపోర్టు వస్తే నేను మొదట అడిగేది ఇప్పుడు ఒక్కటే: జబ్బుకు ముందటి టీఎస్‌హెచ్ ఎక్కడైనా ఉందా? స్కాన్ కంటే, రివర్స్ టీ3 కంటే ముందు అది. నిజమైన థైరాయిడ్ జబ్బు అనుమానం బలంగా ఉంటే తప్ప, అంత జబ్బులో ఉన్నవారికి ఆ పరీక్ష పంపకపోవడమే మంచిదని డ్యూటీ డాక్టర్లకు చెప్తున్నాను. బలమైన అనుమానం అంటే మెడలో గాయిటర్ (ఉబ్బిన థైరాయిడ్), పాత థైరాయిడ్ ఆపరేషన్ మచ్చ, కారణం తెలియని తక్కువ ఒంటి వేడి, మిక్సిడీమా కోమాలా, అంటే థైరాయిడ్ హార్మోన్ బాగా తగ్గిపోయి స్పృహ తప్పే స్థితిలా కనిపించడం. అలాంటప్పుడు ఆగకూడదు, పరీక్ష ఫలితం కోసం కూడా ఆగకుండా ముందు స్టెరాయిడ్, తర్వాత హార్మోన్ ఇవ్వాలి. ఈమె కేసు చూసి ఆ రోగులకు కూడా మందు ఆలస్యం చేస్తే అది ఇంకా పెద్ద తప్పు.

కేస్ షీట్‌లో “అవసరం ఉన్నట్టు లేదు” అని రాయడం మానేశాను. “లెవోథైరాక్సిన్ ఈ రోజు నుంచి ఆపండి. డిశ్చార్జి మందుల్లో రాయకండి. డిశ్చార్జి అయిన ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 చేయించండి” అని రాసి, రాసినట్టు వార్డు డాక్టరుకు ఫోన్ చేసి చెప్తాను.

యాంటీబాడీ పాజిటివ్‌గానే ఉంది కాబట్టి ఆమెకు ఏడాదికోసారి టీఎస్‌హెచ్ చేయిస్తాం. రేపెప్పుడైనా నిజంగానే గ్రంథి మందగించవచ్చు, అప్పుడు మాత్ర ఇస్తాం. ఈ మధ్య వచ్చినప్పుడు ఫోన్ తీసి రెండేళ్ల కిందటి 2.4 ఫొటో, ఆరు నెలల నాటి 3.2 ఫొటో పక్కపక్కన పెట్టి చూపించింది. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు ఆ రెండూ చూపిస్తోందట.